పెరుగూ మానొద్దు, మాత్రా మానొద్దు



ఈసారి రాసేది కొంచెం పొడుగు, ఓపికగా చదవండి. ఉగాది ముందు జరిగే సర్వసభ్య సమావేశంలో ఒక విషయం చర్చకు వస్తుంది. పండగ రోజు మన మండపం వాకిట్లో 'ప్రోబయోటిక్' పొడి అమ్మేవాళ్ళకు చోటు ఇవ్వాలా, వద్దా? చోటు ఇస్తే సంఘానికి కొంత విరాళం ఇస్తామని వాళ్ళు చెప్తున్నారు. మండపానికి సున్నం కొట్టించాలి, డబ్బు అవసరమే. అయినా చెయ్యి ఎత్తే ముందు మేము చదివి తెలుసుకున్నది మీ ముందు పెట్టాలి అనిపించింది.

మేము అంటే మా ఇంట్లో ఇద్దరమూ. ఒకరు రైల్వేలో బుకింగు గుమాస్తాగా ఉండి రిటైరైనవారు, ఇంకొకరు ఆ గుమాస్తా సంసారాన్ని జోలార్‌పేట నుంచి సేలం దాకా మోసినవారు. ఇద్దరిదీ తమిళ బడి చదువే. తెలుగు ఇంట్లో మాట్లాడాము గానీ అక్షరాలు పట్టింది అరవై దగ్గర పడ్డాక, మన సంఘం సాయంకాలపు తరగతిలో. పెద్ద మాటలు మాకు రావు. తెలిసిన మాటల్లోనే చెప్తాము.

జరిగింది ఇది. మన సభ్యులలో ఒక అన్నగారు ఉన్నారు. వయసు 71. చక్కెర జబ్బు 18 ఏళ్ళుగా ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకుంటూ నడుచుకుంటూ బాగానే ఉన్నారు. పోయిన ఏడాది నెలవారీ కూటానికి పొడి అమ్మే మనిషి ఒకరు వచ్చారు. ఒక డబ్బా, దానితో ఒక కాగితం. పెరుగులో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు ఒంట్లో 'ఆక్సీకరణ ఒత్తిడి'ని తగ్గిస్తాయని, చక్కెర జబ్బుకు మూలమే ఆ ఒత్తిడి అని, పరిశోధనలో రుజువైందని అందులో ఉంది. డబ్బా 1,800 రూపాయలు, నెలకు ఒకటి. అన్నగారు ఆలోచించారు: మాత్ర 18 ఏళ్ళు తిన్నా జబ్బు పోలేదు, ఇది మన పెరుగు సరుకే కదా, మందు కూడా కాదు. పొడి మజ్జిగలో కలుపుకుని తాగడం మొదలుపెట్టి, మాత్రలు ఆపేశారు. ఇంట్లో చెప్పలేదు.

తొమ్మిది వారాలు గడిచాయి. కొత్త చెప్పు కరిచి కాలి చిటికెన వేలి దగ్గర చిన్న పుండు పడింది. పసుపు రాశారు, ఆరలేదు. నల్లబడ్డాక ఆసుపత్రికి తీసుకుపోతే పరగడుపున చక్కెర 318 ఉంది. వేలు తీసెయ్యవలసి వచ్చింది. ఇప్పుడు ఊతకర్రతో నడుస్తున్నారు. ఇదంతా ఆయన అనుమతితోనే రాస్తున్నాము. పేరు మాత్రం రాయము, తెలిసినవాళ్ళకు తెలుసు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి వదిన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఇందులో ఏముందో చదివి చెప్పు తమ్ముడూ. ఇది అబద్ధమా? అబద్ధమైతే పోలీసు స్టేషన్‌లో పెడతాను" అన్నారు. కాగితం సగం ఇంగ్లీషు, సగం తమిళం. మా అన్న కూతురు ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకునే పనిలో ఉంది. రెండు ఆదివారాలు దాన్ని కూర్చోబెట్టుకుని చదివించుకున్నాము. వదినకు మేము చెప్పిన జవాబే ఇక్కడ మీకూ చెప్తున్నాము: కాగితంలో ఉన్న పరిశోధన అబద్ధం కాదు. అది ఎలుకల గురించి రాసింది. మనిషికి అన్నట్టు చూపించి అమ్మారు.

ముందు 'ఆక్సీకరణ ఒత్తిడి' అంటే ఏమిటో చూద్దాము. తమిళ బడిలో ఆక్సిజన్‌ను 'పిరాణవాయు' అని చదివాము, తెలుగులోనూ ప్రాణవాయువే. పేరుకు ప్రాణవాయువు గానీ అదే ఇనుమును తినేది కూడా. రైల్వేలో ఉన్నవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. బండ్లు తిరిగే పట్టా పైభాగం అద్దంలా మెరుస్తుంది. మూసేసిన సైడింగులో పట్టా ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. ఆ తుప్పు ఇనుమూ ప్రాణవాయువూ నీటితడీ కలిసి చేసిన పని.

మన ఒంట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. తిన్న తిండిని కణాలు ప్రాణవాయువుతో మండించి బలం తీసుకుంటాయి. ఆ మంటలో కొన్ని నిప్పురవ్వలు ఎగురుతాయి. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి అవి. పక్కనున్న కొవ్వును, మాంసకృత్తులను, ఆఖరికి కణం లోపలి వంశపత్రాన్ని కూడా తాకి పాడుచేస్తాయి. రవ్వలను ఆర్పే పనివాళ్ళు కూడా మన ఒంట్లోనే ఉన్నారు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఒక పనివాడిని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. కాటలేజ్, గ్లూటాథయోన్ అని ఇంకా ఉన్నారు. రవ్వలు ఎక్కువై ఆర్పేవాళ్ళు చాలకపోతే ఆ స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. ఈ మాటను 1985లో జర్మనీ శాస్త్రవేత్త హెల్ముట్ జీస్ వాడుకలోకి తెచ్చారు.

ఒక సంగతి మరిచిపోకూడదు. ఈ రవ్వలన్నీ శత్రువులు కావు. రోగక్రిములు లోపలికి వస్తే మన తెల్లరక్తకణాలు ఈ రవ్వలతోనే వాటిని చంపుతాయి. కాబట్టి అంతా ఆర్పేస్తే ఆరోగ్యం అనే లెక్క కుదరదు.

ఇక ప్రోబయోటిక్. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి అర్జెంటీనాలో ఒక నిపుణుల కూటం పెట్టి దీనికి అర్థం ఖాయం చేశాయి. బతికి ఉన్న సూక్ష్మజీవులు కావాలి, తగినంత లెక్కలో లోపలికి పోవాలి, పోయినవాడికి మేలు జరగాలి. ఈ మూడూ ఉంటేనే ఆ పేరు పెట్టాలి. ఆలోచన మాత్రం పాతదే. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఉన్న ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త, బల్గేరియా పల్లెవాళ్ళు పులిసిన పాలు తాగి ఎక్కువ కాలం బతుకుతున్నారని 1907లో రాశాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అది పెరుగుకు వచ్చింది కాదు, తెల్లరక్తకణాలు క్రిములను మింగడం కనిపెట్టినందుకు వచ్చింది. అమ్మేవాళ్ళ కాగితాల్లో ఈ రెండూ కలిపేసి 'నోబెల్ పొందిన పెరుగు' అని రాస్తుంటారు, చూసే ఉంటారు.

ఎలుకల మాటకు వద్దాము. ఎలుక మీద చేసింది మనకు పనికిరాదు అని కొట్టిపారేయడం కూడా సరి కాదు. కూనూరుకు కొండ బండి ఎక్కినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ ఊళ్ళోని పాశ్చర్ సంస్థలోనే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు తిండి మీద పరిశోధన మొదలుపెట్టాడు. తరువాత ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు మన దేశంలో ఒక్కో ప్రాంతం తిండి పెట్టి పెంచాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు ఉన్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. తెల్ల బియ్యం ఎక్కువ, పాలు తక్కువ ఉన్న మన మద్రాసు తిండి తిన్నవి అందరికన్నా చిన్నవిగా మిగిలాయి. పాలిష్ బియ్యం లోపం ఏమిటో ఆ ఎలుకలు మనకు చూపించాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలిపోయి ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. ఎలుక దారి చూపిస్తుంది. ఆ దారిలో నడిచి చూడవలసిన పని మాత్రం మనుషుల పరీక్షలదే.

అమ్మినవాళ్ళ కాగితంలో ఉన్నది హర్యానాలోని కర్నాల్‌లో, జాతీయ పాడి పరిశోధన సంస్థ చేసిన పని. మంచి పేరున్న సంస్థ. 2007లో వచ్చిన ఆ పరిశోధనలో మగ తెల్ల ఎలుకలకు తాగే నీళ్ళలో 21 శాతం ఫ్రక్టోజ్ చక్కెర కలిపి 8 వారాలు ఇచ్చారు. అలా ఇస్తే ఎలుకకు చక్కెర జబ్బు లక్షణాలు వస్తాయి. ఒక గుంపుకు దానితోపాటు లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్, లాక్టోబాసిల్లస్ కేసీ అనే రెండు జీవులు వేసి తోడుపెట్టిన పెరుగు కూడా పెట్టారు. పెరుగు తిన్న గుంపులో రక్తంలో చక్కెర, కొవ్వు అంతగా పెరగలేదు. కాలేయంలో, క్లోమంలో తుప్పు గుర్తులు తక్కువగా ఉన్నాయి, ఆర్పే పనివాడైన గ్లూటాథయోన్ ఎక్కువ మిగిలి ఉంది. మరుసటి ఏడాది వాళ్ళే ఇంకో రకంగా చేశారు. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఎలుకల క్లోమాన్ని దెబ్బతీసి, అదే పెరుగు ఇచ్చి చూశారు. జబ్బు ముదరడం ఆలస్యమైంది అని రాశారు.

ఈ 'ఆలస్యం' అనే మాట దగ్గర ఆగండి. స్టేషన్‌లో ముప్ఫై ఏళ్ళు పైన కూర్చున్నవాళ్ళకు రెండు మాటల తేడా బాగా తెలుసు. బండి ఆలస్యంగా నడుస్తోంది అంటే ఒకటి, బండి రద్దు అంటే ఇంకొకటి. కర్నాల్ వాళ్ళు రాసింది మొదటిది. అమ్మినవాళ్ళు చదివి వినిపించింది రెండోది. శాస్త్రవేత్తలు జాగ్రత్తగా రాసిన మాట చేతులు మారేసరికి 'నయం' అయిపోయింది.

ఈ జీవులు ఒత్తిడిని ఎలా తగ్గిస్తాయి అని మా పిల్లను అడిగాము. నాలుగు దారులు చెప్పింది. కొన్ని జీవులు రవ్వలను ఆర్పే సరుకును తామే తయారు చేస్తాయి. కొన్ని, రవ్వలను రాజేసే ఇనుము లాంటి లోహాలను పట్టి ఉంచుతాయి. కొన్ని పేగు గోడను గట్టిపరచి, చెడు సరుకు రక్తంలోకి జారకుండా చూస్తాయి. పేగులోని జీవులు పీచును పులియబెట్టి చేసే పుల్లని పదార్థాలు వాపును తగ్గిస్తాయి. నాలుగూ నమ్మదగినవే. అయితే ఏ జీవి ఏ పని చేస్తుందనేది దాని రకాన్ని బట్టి ఉంటుంది. లాక్టోబాసిల్లస్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు, మన తాలూకాలో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒకే మనిషి కానట్టే. అన్నగారు తాగిన డబ్బా తిప్పి చూశాము. అందులో ఉన్న జీవుల పేర్లు కర్నాల్ జీవుల పేర్లు కావు.

మా పిల్ల ఇంకో సంగతి చెప్పింది, అది మాకు బాగా పట్టింది. దాని గదిలో ఎలుకలన్నీ ఒకే వంశం. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే మేత, పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి. జబ్బు కూడా ఒకే రోజు అందరికీ తెప్పిస్తారు. ఒక్కో గుంపులో ఆరో ఎనిమిదో ఉంటాయి. చివర వాటిని చంపి, కాలేయం కోసి, మలోండయాల్డిహైడ్ అనే తుప్పు గుర్తు ఎంత ఉందో కొలుస్తారు. ఎలుక హాయిగా నడిచిందా, నిండు నూరేళ్ళు బతికిందా అని అక్కడ ఎవరూ చూడరు. "మేము కొలిచేది గుర్తును. జబ్బు మనిషి సంగతి మా కాగితంలో లేదు" అంది.

ఇప్పుడు మన అన్నగారిని ఆ పక్కన నిలబెట్టి చూడండి. వయసు 71, జబ్బు వయసు 18. రక్తపోటు మాత్ర ఉంది, కాలి నరాలు అప్పటికే మొద్దుబారాయి, ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీలో రెండు బిస్కెట్లు. ఎలుకకు జబ్బుతోపాటే పెరుగు మొదలుపెట్టారు. ఈయనకు జబ్బు ముదిరిన పద్ధెనిమిదేళ్ళకు పొడి మొదలైంది. పైగా ఆ ఎలుకల దగ్గర నుంచి ఎవరూ మాత్ర తీసెయ్యలేదు, వాటికి మాత్రే లేదు. ఒకరి పేరున తెగిన టికెట్టు మీద ఇంకొకరు ప్రయాణం చేయకూడదని మా పుస్తకంలో ఉండేది. ఎలుక పేరున తెగిన టికెట్టూ అంతే.

మనుషుల మీద చక్కెర జబ్బుకు ప్రోబయోటిక్ పరీక్షలు జరగకపోలేదు. కొన్నిటిలో పరగడుపు చక్కెర కొద్దిగా తగ్గింది, కొన్నిటిలో తేడా రాలేదు. చాలావాటిలో రోగులు తమ మాత్రలు వేసుకుంటూనే దాన్ని తీసుకున్నారు. మాత్ర మానేసి పొడి తాగండి అని చెప్పడానికి ఆ పరీక్షల్లో ఆధారం లేదు.

ఎలుకలో మేలు చేసింది మనిషిలో కొద్దిగా మేలు చేస్తుంది, మహా అయితే ఏమీ చేయదు, నష్టం ఏముంది అని అడిగేవాళ్ళున్నారు. వదిన కూడా అడిగారు. దానికి నెదర్లాండ్స్ దేశంలో జరిగిన కథ చెప్పాలి. క్లోమం ఉన్నట్టుండి వాచే జబ్బు ఒకటి ఉంది. తీవ్రంగా వస్తే ప్రాణాపాయం. అక్కడి పరిశోధకులు ఆరు రకాల మేలు జీవుల మిశ్రమం ఒకటి తయారు చేసి, ముందు ఎలుకల మీద చూశారు. జబ్బు తెప్పించడానికి ఐదు రోజుల ముందు నుంచే ఎలుకలకు ఆ మిశ్రమం ఇచ్చారు. ఫలితాలు చాలా బాగున్నాయి. క్లోమంలో గ్లూటాథయోన్ పెరిగింది, ఆక్సీకరణ దెబ్బ తగ్గింది, పేగులోని చెడు క్రిములు బయటికి పాకడం తగ్గింది.

అదే మిశ్రమాన్ని 15 ఆసుపత్రుల్లో, ఈ జబ్బు తీవ్రంగా రాబోతోందని అంచనా వేసిన 298 మంది రోగులతో పరీక్షించారు. సగం మందికి జీవుల మిశ్రమం, సగం మందికి అదే రంగు ఉత్త పొడి, పేగులోకి పెట్టిన గొట్టం ద్వారా. ఎవరికి ఏది పోతోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 2008లో లాన్సెట్ పత్రికలో లెక్క బయటికి వచ్చింది. ఉత్త పొడి తీసుకున్న 144 మందిలో 9 మంది చనిపోయారు. మేలు జీవులు తీసుకున్న 152 మందిలో 24 మంది చనిపోయారు. జీవులు తీసుకున్నవారిలో 9 మందికి పేగుకు రక్తం అందక దెబ్బతింది, ఉత్త పొడివారిలో ఒక్కరికీ కాలేదు.

దీన్ని చదివి ఎవరూ పెరుగన్నానికి భయపడవద్దు. వాళ్ళు చావుబతుకుల మధ్య ఉన్న రోగులు, గొట్టంలో పోసినది కోట్ల కోట్ల జీవులు. ఇంట్లో గిన్నెడు పెరుగుతో దానికి పోలిక లేదు. మేము చెప్పేది ఒక్కటే. ఎలుకలో ఒత్తిడి తగ్గింది అనే వాక్యం నిజం. ఆ వాక్యం నిజమై ఉండగానే మనుషులకు ఎక్కువ చావులు వచ్చాయి. కాబట్టి ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎవరైనా మన చేతి మాత్ర లాక్కోబోతే ఇవ్వకూడదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గుండె దగ్గరి నరంలో గొట్టం ఉన్నవారికి ఈ మేలు జీవులే రక్తంలోకి చేరి జబ్బు చేసిన సంఘటనలు కూడా వైద్య పుస్తకాల్లో ఉన్నాయి.

తుప్పు ఆపే మాత్రల కథ కూడా ఇలాంటిదే. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవారికి బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో లెక్క చూస్తే బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. క్యారెట్ తింటే మంచిది అనే మాట వేరు, దాంట్లోని ఒక సరుకు పిండి మాత్ర చేసి మింగడం వేరు.

మరి మేలు జీవులు మనుషులకు ఎక్కడా పనికిరాలేదా అంటే, పనికొచ్చాయి. అది మన సంఘం వాళ్ళు ఉన్న రాష్ట్రంలోనే. బరంపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలు ఇది గొప్పగా చెప్పుకోవచ్చు. ఒడిశా పల్లెల్లో అప్పుడే పుట్టిన 4,556 మంది పసిబిడ్డలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే జీవిని, దానికి మేతగా ఒక రకం చక్కెరను కలిపి 7 రోజులు నోట్లో వేశారు. రెండు నెలలు గమనించారు. రక్తంలో చీము పట్టడం, లేదా చనిపోవడం, ఉత్త పొడి గుంపులో నూటికి 9 మందికి జరిగితే, జీవి వేసిన గుంపులో 5.4 మందికి జరిగింది. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇక్కడ ఏ గుర్తునో కొలవలేదు. బిడ్డ జబ్బు పడిందా, బతికిందా అని చూశారు. ఏ జీవి, ఎవరికి, ఎన్ని రోజులు అనేది ముందే తేల్చుకుని చేశారు. రుజువు అంటే ఇలా ఉండాలి. అయినా ఈ రుజువు పసిబిడ్డలది. 71 ఏళ్ళ అన్నగారి చక్కెరకు దీన్ని కూడా తెచ్చి అంటించకూడదు.

మన ఇళ్ళ తిండి సంగతి కూడా రెండు మాటలు. పెరుగు మంచిదే, మాంసకృత్తులు, సున్నం ఉన్నాయి, మా ఇంట్లో పెరుగు లేకుండా కంచం లేవదు. కానీ ఇంటి తోడులో ఏ జీవులు ఎన్ని ఉన్నాయో రోజుకొక తీరు, వేసవికి ఒకటి, చలికి ఒకటి. మజ్జిగ పులుసు పెడితే మరుగులో జీవులు చచ్చిపోతాయి, రుచి మిగులుతుంది. ఇడ్లీ పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ అనే జీవి, ఆవిరి పట్టాక అదీ ఉండదు. పులవడం వల్ల ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, ఆ మేలు మిగులుతుంది. సద్ది కూడు రాత్రంతా నీళ్ళలో పులిసి పొద్దునకు జీవులతో నిండి ఉంటుంది, ఎండాకాలం కడుపుకు చల్లన. అయితే సద్ది అయినా అన్నమే. చక్కెర ఉన్నవాళ్ళు గిన్నె చూసుకునే తినాలి.

చట్టం సంగతి మన కార్యవర్గం తప్పక చదవాలి. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం చక్కెర జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఇలాంటి పొడులను మన దేశంలో మందుగా కాక ఆహారంగా అమ్ముతారు. వైద్యానికి వాడరాదని డబ్బా మీద అచ్చు వెయ్యాలి. అన్నగారి డబ్బా మీద కూడా అది ఉంది, భూతద్దం పెడితే కనిపించేంత అక్షరాల్లో. అంటే డబ్బా మీద ఒకటి, కాగితం మీద ఒకటి, నోటి మాట ఇంకొకటి. ప్రోబయోటిక్ అని అమ్మే ఆహారంలో రోజు మోతాదుకు కనీసం 10 కోట్ల బతికున్న జీవులు ఉండాలని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఆహార లైసెన్సు నంబరు 14 అంకెలు ఉంటుంది, అదీ చూసుకోవాలి.

డబ్బు లెక్క కూడా పెడదాము, గుమాస్తా బుద్ధి పోదు. నెలకు 1,800 అంటే ఏడాదికి 21,600 రూపాయలు. మన పెన్షనర్లలో కొందరికి అది రెండు నెలల ఇంటి ఖర్చు. చక్కెర, రక్తపోటు మాత్రలను తమిళనాడు ప్రభుత్వం 2021 నుంచి 'మక్కళై తేడి మరుత్తువమ్' కింద ఇంటికే తెచ్చి ఇస్తోంది. ఆ పథకం మొదలైంది మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోనే. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఆసుపత్రి కార్డు ఉంది. ఉచితంగా ఇంటి గడపకు వచ్చే మందు మాని, వేలు పోగొట్టుకునే దానికి డబ్బు కట్టడం ఏమి న్యాయం?

అన్నగారిని ఎవరూ తప్పు పట్టవద్దు. ఆయన మోసపోయింది ఆశతో కాదు, అలసటతో. 18 ఏళ్ళు రోజూ రెండుసార్లు మాత్ర మింగే మనిషికి 'ఇక చాలు' అని ఒకరు చెప్తే ఎంత చల్లగా ఉంటుందో మాత్ర మింగేవాళ్ళకే తెలుసు. పైగా ఆ మాట చెప్పిన చోటు మన మండపం. మన సంఘం మైకులో చెప్పారు కాబట్టి ఆయన నమ్మారు. అందుకే ఇది ఒక ఇంటి సంగతిగా వదిలేయకూడదు అని మా ఆలోచన.

ఎవరైనా ఏ పొడి తెచ్చినా మూడు ప్రశ్నలు అడుగుదాము. ఇందులో ఉన్న జీవి పేరు ఏమిటి, పరిశోధనలో వాడింది ఇదేనా? ఆ పరిశోధన ఎలుక మీద చేశారా, మనిషి మీద చేశారా? మనిషి మీద అయితే కొలిచింది ఒంట్లో ఒక గుర్తునా, లేక మనిషి బాగుపడటాన్నా? మూడిటికీ జవాబు చెప్పగలిగినవాళ్ళతో మాట్లాడవచ్చు. చెప్పలేనివాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపిద్దాము.

సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. ఉగాది రోజు జబ్బు నయం చేస్తామని చెప్పే ఏ సరుకుకూ మండపం వాకిట్లో చోటు వద్దు, విరాళం కూడా వద్దు. సున్నం ఖర్చుకు మన ఇంటి నుంచి మొదటి వెయ్యి రూపాయలు రాసుకోండి. ఆ చోటులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మను పిలిచి ఒక బల్ల వేయిద్దాము. చక్కెర, రక్తపోటు చూడాలి. ముఖ్యంగా చక్కెర ఉన్న పెద్దవాళ్ళ పాదాలు చూడాలి, వేళ్ళ సందుల్లో పుండు ఉన్నా మొద్దుబారిన కాలికి తెలియదు. ఉగాది పచ్చడి పంచే పక్కనే ఆ బల్ల ఉంటే అందరూ వస్తారు.

అంతవరకు చదువుతున్న పెద్దవాళ్ళకు ఒక మనవి. ఏ మాత్ర అయినా మానాలనిపిస్తే, మానడానికి ముందు మీ డాక్టరుకూ, ఇంట్లో ఒకరికీ చెప్పండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే మాకు ఫోన్ చెయ్యండి. పగలైనా రాత్రయినా ఎత్తుతాము.